నలభై ఒక్క శనివారాలు

1991 ఫిబ్రవరి 16, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు యాదగిరిగుట్ట మీద నిలబడి నేను నా తమ్ముడి తరఫున ఒక మొక్కు మొక్కాను. చేతి గడియారం చూసుకుని మరీ మొక్కాను కాబట్టి సమయంలో తప్పు లేదు. ప్రపంచ టెన్నిస్ ఆటగాళ్ల జాబితాలో వాడి అంకె ఆరు వందల లోపలికి వచ్చేదాకా ప్రతి శనివారం వాడు ఒక్కపొద్దు ఉంటాడని ఆ మొక్కు. దీపాలు పెట్టే వేళ దాకా మంచినీళ్లు, చాయ తప్ప మరేమీ ముట్టకూడదు. ఆ తర్వాతే ఆ రోజుకు ఒకే ఒక్క భోజనం. ఒక చీటీ మీద 600 అని రాసి, రూపాయి బిళ్లతో కలిపి పసుపు గుడ్డలో ముడుపు కట్టాను. ఆ రోజు వాడి అంకె 731.

"ఒక్కపొద్దు నీకా నాకా అక్కా?" అని అడిగాడు తమ్ముడు.

"ఆడేటోనివి నువ్వు. నేనుంటే నీకెట్ల ముడ్తది?"

"గట్లయితే నువ్వే ఆడరాదు. నేను ఇంట్ల కూసోని ఉపాసముంట."

ఇద్దరం నవ్వుకున్నాం. కిందికి దిగాక బస్టాండు దగ్గర రెండు పులిహోర పొట్లాలు కొన్నాను. బస్సెక్కాక ఒకటి నేను తిన్నాను. రెండోది వాడికివ్వకుండా సంచిలో పెట్టాను. మొక్కు ఆ రోజు నుంచే మొదలు కదా.

నాకిప్పుడు డెబ్బై ఏడేళ్లు. మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పాను. తేదీలు, అంకెలు రాసి పెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. ఈ కథలో వచ్చే ప్రతి అంకెకు నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. నీలం అట్టది. ఇంకా పాడవలేదు.

మా బాపు అదే ఊళ్లో ఆఫీసర్ల క్లబ్బులో మార్కర్. తెల్లవారుజామునే ఎర్రమొరం కోర్టు మీద రాతి రోలరు లాగి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి, ఆ తర్వాత తోడు లేక ఒంటరిగా వచ్చిన ఆఫీసరుతో ఆడడం ఆయన పని. ఎవరి చేతిలో ఎంత తేడాతో ఓడాలో బాపుకు బాగా తెలుసు. కొత్తగా వచ్చిన ఆఫీసరు చేతిలో 6–4తో ఓడేవాడు. బదిలీ కాగితం చేతికొచ్చి దిగులుగా ఉన్నవాడి చేతిలో 6–2తో ఓడేవాడు. ఇరవై ఆరేళ్లు అట్లా జాగ్రత్తగా ఓడి, 1983లో కాలం చేశాడు. అమ్మ అంతకు ముందే, తమ్ముడికి నాలుగేళ్లప్పుడు పోయింది. వాడు నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. నేను పెళ్లి చేసుకోలేదు. చేసుకోలేదన్న విచారమూ లేదు. వాడి చేతిలో రాకెట్టు పెట్టింది బాపు. దాన్ని గెలుపు కోసం పట్టుకోమన్నది నేను.

తమ్ముడు పేపర్లలో పేరు వచ్చే ఆటగాడు కాదు. ఆ పేర్ల కింద, చాలా కింద, కొన్ని వందల మంది ఉంటారు. వాళ్ల కోసం దేశంలో అక్కడక్కడా నాలుగు వారాల పోటీలు జరిగేవి. వారానికో ఊరు. వాటి పద్ధతి చెబితే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. మొదటి మూడు వారాల్లో ఎన్ని ఆటలు గెలిచినా ఆ లెక్క అక్కడే ఆగి ఉంటుంది. నాలుగో వారం ఆ ఊరికి స్వయంగా వెళ్లి, చెప్పిన గంట లోపల కాగితం మీద సంతకం పెట్టి, ఆడినవాడికే ఆ నెలంతటి ఫలితం ప్రపంచ జాబితాలో పాయింట్లుగా చేరుతుంది. సంతకం పెట్టనివాడు మూడు వారాలు ఆడనట్టే లెక్క. చేరిన పాయింట్లు కూడా శాశ్వతం కాదు. యాభై రెండు వారాలు నిండిన సోమవారం నాడు రాలిపోతాయి. అంటే నిరుడు గెలిచినదాన్ని ఈ ఏడు మళ్లీ గెలవకపోతే మనిషి ఉన్నచోట కూడా ఉండడు.

నా నోటుబుక్కులో ఉన్నది ఈ లెక్కే. ఏ సోమవారం ఎన్ని రాలతాయి, ఆ లోపల ఎన్ని చేరాలి. జాబితా జిరాక్సు హైదరాబాద్ నుంచి మా ఊరి బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపేవాడు తమ్ముడి జోడీదారు. డబుల్స్‌లో ఇద్దరూ కలిసి ఆడేవారు, సింగిల్స్‌లో ఒకరికొకరు పోటీ. అతనిదీ మార్కర్ల కుటుంబమే. తండ్రి హైదరాబాద్‌లో ఒక క్లబ్బులో మా బాపులాగే ఓడుతూ బతికిన ముస్లిం పెద్దమనిషి. ఆ అబ్బాయి నన్ను "ఆపా" అని, అంటే అక్కా అని పిలిచేవాడు, నా నోటుబుక్కును "ఆపా కితాబు" అనేవాడు.

"ఆపా, కితాబుల నా పేరుకు కూడ జర జాగ ఇయ్యి" అన్నాడొకసారి మా ఇంట్లో జొన్నరొట్టె తింటూ.

"ఇచ్చిన. మా తమ్ముని పైన రాసిన నిన్ను. 668."

"పైన ఉంచుతవా, కిందికి గుంజుతవా?"

"గుంజేది వాడు. నేను రాసేదాన్ని."

"ఇంటున్నవా రా?" అని తమ్ముడి వీపు మీద చరిచాడు. "మీ అక్క నిన్ను నా మీదికి ఉసికొల్పుతాంది. నా రొట్టెల విషం లేదు గద?"

అట్లా నవ్వుతూనే ఒకరి అంకె మీద ఒకరు కన్నేసి ఉండేవారు. అందులో పగ లేదు. ఒకే గదిలో ముగ్గురు నలుగురు పడుకుని, బకెట్టులో రాడ్డు వేసి నీళ్లు కాచుకుని, ఒకరి కాలికి ఒకరు పట్టీలు చుట్టుకునే వాళ్ల మధ్య పగ ఎట్లా ఉంటుంది? ఆరోగ్యం మాత్రం ఎవరికీ సరిగా ఉండేది కాదు. వాళ్లతో తిరిగే ఒకడికి ఉబ్బసం. ఇంకొకడికి మడమ ఎముకలో సన్న చీలిక, ఎవరికీ చెప్పకుండా ఏడాది ఆడాడు. జోడీదారుకు ఎడమ మోకాలు. "వాన రేపొస్తదంటే ఇయ్యాలనే చెప్తది నా మోకాలు" అనేవాడు. విశ్రాంతి తీసుకుంటే తగ్గే జబ్బులే అన్నీ. విశ్రాంతి తీసుకుంటే పాయింట్లు రాలతాయి.

తమ్ముడికి కుడి భుజం. 1991 ఏప్రిల్‌లో ఎముకల డాక్టరు చూసి ఆరు వారాలు రాకెట్టు ముట్టవద్దన్నాడు. ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. ఆరు వారాలంటే ఒక పోటీ పూర్తిగా, ఇంకొకటి సగం పోతుంది. సగం ఆడితే ఆడనట్టే కనుక రెండూ పోయినట్టే. వాడి ముందే కూడి, తీసివేసి చూపించాను. వాడు కాగితం వంక చూశాడు, భుజం వంక చూసుకున్నాడు.

"నొప్పి గోలీలు ఏసుకొని ఆడ్త తీ అక్కా" అన్నాడు.

నేను వద్దనలేదు. ఏప్రిల్ 14, ఆదివారం నుంచి రోజుకు రెండు గోలీలు, తిన్న తర్వాత. పట్టీకి పది. మా బజారులో మందుల దుకాణం నుంచి నేనే కొని, వాడు ఊరికి బయలుదేరినప్పుడల్లా సంచిలో లెక్కపెట్టి పెట్టేదాన్ని. తేదీ వేసి నోటుబుక్కు చివరి పేజీలో రాసేదాన్ని. మొక్కు లెక్క మొదటి పేజీలో, శనివారానికొక గీత. ఈ రెండు పేజీలను నేను ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు లెక్క సరిచూసుకోండమ్మా అని చెప్పినదాన్ని.

పైగా ఆ పోటీల్లో శనివారం చాలా గట్టి రోజు. జాబితాలో పైనున్న వాళ్లకు నేరుగా ప్రవేశం దొరుకుతుంది. మావాడి వంటివాళ్లు చాలాచోట్ల శని, ఆదివారాల్లో ముందు అర్హత ఆటలు గెలవాలి. శనివారం ఒకే రోజు రెండు ఆటలు ఆడిన సందర్భాలు నా పుస్తకంలో పదకొండు ఉన్నాయి. ఎండలో, చాయ నీళ్ల మీద.

నవంబరు 4న మొదలైన పోటీ మాకు ముఖ్యమైనది. నిరుటి ఇదే పోటీలో వాడికి వచ్చిన నాలుగు పాయింట్లు డిసెంబరు 2, సోమవారం రాలిపోతాయి. అవి పోతే వాడికి మిగిలేది ఒకటే. కాని ఈసారి మూడు వారాలు బాగా ఆడాడు. చివరి వారం పూర్తయితే తొమ్మిది వస్తాయని నా లెక్క. తొమ్మిదీ ఒకటీ పది. నిరుడు పది పాయింట్లున్నవాడు జాబితాలో 590 దగ్గర నిలిచాడు. అంటే ముడుపు విప్పవచ్చు. మూడో వారం బెంగుళూరులో, నాలుగోది హైదరాబాద్‌లో. నవంబరు 24, ఆదివారం సాయంత్రం ఆరు లోపల హైదరాబాద్‌లో సంతకం.

22, శుక్రవారం సాయంత్రం వాడు మా ఇంటి ఎదుటి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేశాడు.

"కడుపుల మంటగున్నదక్కా. అన్నం సైసుతలే."

"బయటి కూడు గదా. మజ్జిగ తాగు. రేపు ఆటున్నదా?"

"డబుల్స్ ఉన్నది పొద్దుగాల. అయినంక బస్సెక్కుతం."

"తొమ్మిదొస్తయ్ తమ్మీ. నేను మూడుసార్లు కూడిన. ఒక్క వారం ఓపిక పట్టు."

"సరే."

"రేపు శనివారం. యాది మరువకు."

వాడి వైపు బూతులో మీటరు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "మరువనక్కా" అని పెట్టేశాడు.

ఆదివారం ఉదయం ఎనిమిదికి పది నిమిషాల ముందు బూతు యజమాని పరుగున వచ్చి పిలిచాడు. ఫోన్‌లో జోడీదారు.

"ఆపా, ఫికర్ చెయ్యకు. మీ ఊరి సర్కారు దవాఖానల ఉన్నం. జల్ది రా."

ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. బెంగుళూరు బస్సు జడ్చర్ల చౌరస్తాకు వచ్చేటప్పటికి ఆరూ నలభై. తమ్ముడు కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. మొదట చాయ డికాషను అనుకున్నారట, తర్వాత ఎర్రగా పడింది. కండక్టరు బస్సు ఆపించాడు. పక్కన ఆగి ఉన్న పాల వ్యానాయన అడగకముందే నాలుగు క్యాన్లు చాయ హోటలు ముందు దింపి, ఆ జాగాలో వాడిని పడుకోబెట్టుకుని మహబూబ్‌నగర్ వైపు తిప్పాడు. దాదాపు పదహారు కిలోమీటర్లు. అప్పుడు దింపిన పాలు ఎవరికి చేరాయో, చేరలేదో నాకు తెలియదు. ఆ మనిషిని తర్వాత జడ్చర్లలో మూడుసార్లు వెతికాను, దొరకలేదు. అతనికి నేను చెప్పుకోవలసిన మాట అట్లాగే ఉండిపోయింది. ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి తమ్ముడు గోడ పక్క మంచం మీద సున్నం రంగులో ఉన్నాడు. ముక్కులోంచి గొట్టం, చేతికి సెలైన్. డ్యూటీలో ఉన్న డాక్టరు ముప్పై ఏళ్లు దాటని మనిషి, రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గోలీలేమన్న ఏసుకుంటున్నడా అమ్మా?"

"భుజం నొప్పికి, రోజుకు రెండు. తిన్నంకనే ఏసుకుంటడు" అన్నాను.

తమ్ముడు కళ్లు మూసుకునే అవునన్నట్టు తలాడించాడు.

"లేదు డాక్టర్ సాబ్" అన్నాడు జోడీదారు. "శనివారం శనివారం ఉట్టి కడుపుల ఏసుకుంటడు. నిన్న రెండు గాదు, మూడు. నేను చూసిన. వారం సంది దొడ్డికి నల్లగ పోతాందని కూడ చెప్పిండు నాకు."

"ఊకో రా నువ్వు" అని గొణిగాడు తమ్ముడు.

"నేనెందుకు ఊకుంట? నువ్వు సచ్చినంక చెప్పాల్నా ఆపాకు? డాక్టర్ సాబ్, మేం రంజాన్ల రోజా ఉంటం. పానం బాగలేకుంటే రోజా వద్దనే అంటరు మా పెద్దలు. గీనికి పదిసార్లు చెప్పిన. మా అక్క లెక్క తప్పది అంటడు."

"శనివారమేంది?" అన్నాడు డాక్టరు.

"నేను పెట్టిన ఒక్కపొద్దు" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. కేస్ షీట్ మీద పెన్ను పెట్టి, "టీచరంట గదమ్మా. ఎన్ని వారాలాయె గిట్ల?" అని మామూలుగా అడిగాడు. నేను తల ఎత్తకుండానే చెప్పాను. ఏప్రిల్ 14 నుంచి నవంబరు 23 దాకా రెండు వందల ఇరవై నాలుగు రోజులు. ముప్పై రెండు వారాలు. శనివారాలు ముప్పై రెండు. ఖాళీ కడుపు మీద గోలీలు అరవై నాలుగు, నిన్న ఎక్కువ వేసుకున్నదానితో అరవై అయిదు. మొత్తం నాలుగు వందల నలభై తొమ్మిది. నేను కొన్న పట్టీలు నలభై అయిదు. తమ్ముడి చొక్కా జేబులో చెయ్యి పెట్టి చూశాను. చివరి పట్టీలో ఒకే ఒక్క గోలీ మిగిలి ఉంది.

లెక్క సరిపోయింది. నా జన్మలో సరిపోయిన లెక్కల్లో నన్ను నిలబడనీయకుండా చేసింది అదొక్కటే. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను.

కడుపులో పుండు పడి రక్తం కారుతోందని, ముందు రక్తం ఎక్కించాలని డాక్టరు చెప్పాడు. వాడిది ఓ పాజిటివ్. నాది బి. జోడీదారు అప్పటికే చొక్కా చెయ్యి మడిచాడు. అతనిది ఓ పాజిటివే. పదింటికి ఒక సీసా ఇచ్చాడు. ఇచ్చి, బిస్కెట్టు తిని, ఇంకో సీసాకు మనిషి కావాలని తెలిసి, ఆస్పత్రి వాచ్‌మన్ సైకిలడిగి తీసుకుని, నాకు చెప్పకుండా మా బాపు పనిచేసిన క్లబ్బుకు పోయాడు.

ఆదివారం కనుక కోర్టు మీద డబుల్స్ నడుస్తోంది. గీత దగ్గర నిలబడి, "మీ పాత మార్కర్ సాబ్ కొడుకు దవాఖానల ఉన్నడు. ఓ పాజిటివ్ ఎవలన్న ఉన్నరా?" అని అరిచాడట. ఒక బ్యాంకు క్లర్కు రాకెట్టు నెట్‌కు ఆనించి అట్లాగే తెల్ల నిక్కరుతో వచ్చాడు. మా బాపుతో కుర్రతనంలో ఆడిన మనిషి. సూది గుచ్చుతుండగా, "4–3 మీద లేచొచ్చిన. నా సర్వీసే ఉన్నది. మార్కర్ సాబ్ ఉంటే నన్ను గెలిపిస్తుండె" అన్నాడు. ఆ సెట్టు మరుసటి ఆదివారం 4–3 నుంచే ఆడారట. ఎవరు గెలిచారో అడగడం మరిచాను. నేను అడగడం మరిచిన అంకెలు తక్కువ.

పన్నెండున్నర అయింది. హైదరాబాద్‌కు మూడు గంటల ప్రయాణం. నేను జోడీదారును వరండాలోకి తీసుకుపోయాను.

"బిడ్డా, నువ్వు పో. ఒకటిన్నర బస్సుకు పోతే నాలుగున్నరకు దిగుతవ్. సంతకం పెట్టు. ఇక్కడ నేనున్న."

"పోత ఆపా."

"నీకు పన్నెండొస్తయ్. పాతయి ఐదు రాలినా రెండుంటయ్. పద్నాలుగైతయ్. ఇగ ముందుగాల ఆడే అర్హత ఆటలుండయ్ నీకు. నేను కూడి పెట్టిన."

"నా లెక్క కూడ చేసినవా?" అని నవ్వాడు.

సంచి భుజానికెత్తుకున్నాడు. అప్పుడే గుర్తొచ్చింది, అది తమ్ముడిది. అతని రాకెట్ల సంచి పాల వ్యానులోనే పోయింది. "తీస్కపో, వాటితోనే ఆడు" అన్నాను. సరేనన్నాడు. ఒకటీ పదిహేనుకు మెట్లు దిగుతుండగా లోపల తమ్ముడికి మళ్లీ వాంతి అయింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. వాడిని పక్కకు తిప్పి పట్టుకునే బలం నాకు చాలలేదు. నేను పిలిచానో, అరిచానో తెలియదు. మెట్ల మీంచి అతను వెనక్కి వచ్చాడు.

ఆ పూట తమ్ముడి తలను తన తొడ మీద ఒక పక్కకు ఆనించి పట్టుకున్నది అతనే. గొట్టంలో చల్లటి నీళ్లు పోస్తూ, తీస్తూ ఉంటే పాత్ర అందించింది అతనే. రెండోసారి డాక్టరు రాసిన ఇంజెక్షన్ల కోసం ఊళ్లోకి పరుగెత్తిందీ అతనే, ఆ ఎడమ మోకాలుతో. రెండున్నరకు, "ఇంక బస్సున్నది" అన్నాను. మూడుకు మళ్లీ అన్నాను. ఆ బస్సు దాటితే ఆరు లోపల చేరే దారి లేదు.

"ఆపా, గా సంతకం వచ్చే ఏడు పెడ్త. కాగితం ఎక్కడికి పోతది?"

"పోతది. నీకు తెల్వదా? మూడు వారాలు పోతయ్."

"పోనియ్. వీని తల ఎవల మీద పెట్టిపోవాలె? నీ కితాబు మీదనా?"

నాలుగున్నరకు గొట్టంలోంచి వచ్చే నీళ్లు గులాబీ రంగుకు మారాయి. ఐదూ నలభైకి తెల్లగా వచ్చాయి. డాక్టరు వంగి చూసి, "ఆగింది" అన్నాడు. నేను అలవాటు కొద్దీ గడియారం చూశాను. మళ్లీ చూశాను. ఆరుకు రెండు నిమిషాలు తక్కువ ఉండగా జోడీదారు తన అరచెయ్యి తెచ్చి నా గడియారం మీద పెట్టి మూశాడు. మళ్లీ తీసేటప్పటికి ఆరూ ఐదు. "ఇగ చాయ తాగుదం ఆపా" అన్నాడు.

అతను మా ఊళ్లో మూడు రోజులున్నాడు. పాఠశాల నుంచి నేను పంతొమ్మిది రోజులు సెలవు పెట్టాను. తమ్ముడు పన్నెండో రోజు ఇంటికొచ్చాడు. మొదటి శనివారం పొద్దున ఎనిమిదింటికి పళ్లెంలో మెత్తటి అన్నం, పెరుగు కలిపి వాడి ముందు పెట్టాను.

"ఇయ్యాల శనివారమక్కా" అన్నాడు.

"తెలుసు. తిను."

"నీ ముడుపు?"

"తిన్నంక మాట్లాడు."

తిన్నాడు. తిన్నాక అడిగాను, కడుపు మంట అన్నవాడివి నల్లగా పోతున్నదని నాతో ఎందుకు చెప్పలేదని. "చెప్తె నువ్వు ఆడొద్దంటవ్. ఆడొద్దంటె నీ తొమ్మిది పోతయ్" అన్నాడు. తనవి అనలేదు, నీ తొమ్మిది అన్నాడు. ఆ అంకెలు ఎవరివో అప్పటికి గాని నాకు తెలియలేదు.

డిసెంబరు నెల జాబితా జిరాక్సు ఎప్పటిలాగే కండక్టరు తెచ్చి ఇచ్చాడు. ఆ కాగితం అతను పంపకుండా ఉండవచ్చు, అయినా పంపాడు. ఇద్దరి పేర్లూ కిందికి, చాలా కిందికి పోయాయి. మార్చిలో తమ్ముడి ఆఖరి పాయింటు రాలి పేరే లేకుండా పోయింది. మే నెలలో అతనిదీ పోయింది. అతను ఇంకో రెండేళ్లు ప్రయత్నించాడు. మోకాలు ఒప్పుకోలేదు. ఇద్దరి పేర్లూ మళ్లీ ఆ జాబితాలోకి రాలేదు. గోలీలు లేకుండా తమ్ముడి భుజం సర్వీసు చేయలేదు, గోలీలు ఇక జన్మలో వద్దన్నారు.

1992 మార్చి 21, శనివారం, గుట్టకు పోయి ముడుపు విప్పాను. అంకె ఆరు వందల లోపలికి రాలేదని, మొక్కు తీరలేదని, ఇకపై వాడు ఒక్కపొద్దు ఉండడని ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. రూపాయి హుండీలో వేశాను. చీటీ చింపలేదు, నోటుబుక్కులో పెట్టాను. కిందికి దిగి రెండు పులిహోర పొట్లాలు కొని, బస్సెక్కగానే ఒకటి తమ్ముడి చేతిలో పెట్టాను. వాడు నా మొహం చూసి, "రెండోది కూడ ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను.

ఆ ఏడే క్లబ్బు వాళ్లు వాడిని కోచ్‌గా పెట్టుకున్నారు. బాపు లాగిన రోలరే వాడు చాలాకాలం లాగాడు. వాడు పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఏమిటంటే, తినకుండా కోర్టు మీదికి రావద్దని. ఆఫీసర్లతో ఆడితే మాత్రం బాపులా ఓడడు. గెలుస్తాడు, కొంచెం తేడాతో. జోడీదారు హైదరాబాద్‌లో పిల్లలకు నేర్పాడు, ఇప్పుడు మనవలున్నారు. ఏటా నవంబరు 24న మా ఇంటికొస్తాడు. చెప్పులు విప్పకముందే, "ఆపా, కితాబుల నేనింక పైననే ఉన్ననా?" అని అడుగుతాడు. ఉన్నాడు. చివరి గీత గీసి మూసిన పేజీలో తమ్ముడికి ఒక వరుస పైన.

నేను ఎవరెవరికి కృతజ్ఞురాలినో రాస్తే ఈ పుస్తకమంతా పడుతుంది. ఆ రోజు బస్సు ఆపిన కండక్టరు, క్యాన్లు దింపిన పాలాయన, నన్ను తిట్టకుండా వారాలు అడిగిన డాక్టరు, 4–3 దగ్గర రాకెట్టు దించిన మనిషి. వీళ్లలో ముగ్గురికి నా పేరు తెలియదు. నా గడియారం మూసిన ఆ అరచెయ్యి గల మనిషి మాత్రం ఏటా వస్తాడు కనుక ఏటా అన్నం పెట్టగలుగుతున్నాను.

పోయినవి ఇవి.

తమ్ముడివి: పాత పాయింట్లు 5, రావలసి రానివి 9. ఒంట్లో రక్తం, డాక్టరు అంచనా ప్రకారం లీటరున్నర. బరువు 11 కిలోలు, అందులో 9 ఆరు నెలల్లో తిరిగి వచ్చాయి.

జోడీదారువి: పాత పాయింట్లు 7, రావలసి రానివి 12. రక్తం ఒక సీసా. రాకెట్లు 2, సంచితో సహా.

నావి: తీరని మొక్కు 1. సెలవు రోజులు 19.

మనుషులు: ఎవరూ పోలేదు.